మెట్ల మీద ఎందుకు ఆగారు

గోదావరి జిల్లాలకు వెళ్లినవాళ్లు తిరిగొచ్చి పచ్చదనం గురించి, పూతరేకుల గురించి చెబుతారు. నేను వెళ్లింది ఒక మనిషి మెట్లు ఎక్కగలడా లేడా చూసి రావడానికి. పచ్చదనమూ చూశాను, పూతరేకులూ తిన్నాను. కానీ ముందు పని సంగతి చెప్పకపోతే మూడు రోజులు నేను ఎవరింటికి ఎందుకు వెళ్లానో మీకు అర్థం కాదు.

మాది అనంతపురం జిల్లా. నేను మత్తు డాక్టర్ని. చదువు అయ్యాక కాలేయం, క్లోమం ఆపరేషన్లకు మత్తు ఇవ్వడంలో ఒక ఏడాది ప్రత్యేక శిక్షణకు హైదరాబాదులో ఒక ఆసుపత్రిలో చేరాను. "సూది గుచ్చి నిద్రపుచ్చడానికి మళ్లీ ఒక ఏడాదా?" అని మా చుట్టాలు నవ్వుతారు. కాలేయం నిండా రక్తం ఉంటుంది. దాన్ని కోసేటప్పుడు ఒంట్లో నీరు ఎక్కువగా ఉంటే రక్తనాళాలు ఉబ్బి, తెగినచోట రక్తం ఆగదు. అందుకని కోత అయ్యేదాకా సెలైను చుక్కలు లెక్కపెట్టి మనిషిని పొడిగా ఉంచాలి. మరీ పొడిగా ఉంచితే కిడ్నీలు దెబ్బతింటాయి. క్లోమం ఆపరేషన్ అయితే ఏడెనిమిది గంటలు పడుతుంది. వీటన్నిటికంటే ముందు, ఈ మనిషి తట్టుకుంటాడా లేదా అని చెప్పాల్సింది కూడా మేమే.

దానికి ఖరీదైన పరీక్షలున్నాయి, చౌకది ఒకటుంది. రోగిని రెండంతస్తుల మెట్లు ఎక్కించడం. ఆగకుండా ఎక్కితే ధైర్యం. ఆయాసంతో ఆగితే ఎన్నిసార్లు ఆగాడో రాసుకుంటాం. ఎనిమిది నెలలుగా ఆ పని నాదే. రోగి ముందు నడుస్తాడు, నేను చేతిలో ఫారం పట్టుకుని వెనక నడుస్తాను.

సత్తిబాబు గారు (పేర్లన్నీ మార్చాను) రావులపాలెం దగ్గర గోదావరి మధ్య ఉన్న ఒక లంకలో ఉంటారు. యాభై ఆరేళ్లు. కొబ్బరికాయలకు పీచు వలిచే పని. క్లోమంలో గడ్డతో, పచ్చకామెర్లతో వచ్చారు. పిత్తనాళంలో గొట్టం వేశాక కామెర్లు తగ్గాయి. గడ్డ ఇంకా పాకలేదు. ఇప్పుడు తీసేస్తే బతకడానికి అవకాశం ఉంది, ఇంకో రెండు నెలలు పోతే ఆ అవకాశం ఉండదు. ఆయన మా మెట్ల మీద నాలుగుసార్లు ఆగారు. "ఆపరేషన్ తట్టుకోలేరు" అని రాసి సంతకం పెట్టాను.

మా మేడమ్ ముప్ఫై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్న మనిషి. ఫారం చూసి, "గుండె బాగుంది, ఊపిరితిత్తులు బాగున్నాయి. మరి మెట్లెందుకు ఎక్కలేదు?" అన్నారు.

"నీరసం అయ్యుంటుంది మేడమ్."

"అయ్యుంటుందా? గురువారం మీటింగులో ఆయనకు ఆపరేషన్ చెయ్యాలో వద్దో తేలుస్తారు. నువ్వు రాసిన ముక్క మీదే తేలుస్తారు. ఈలోపు వాళ్ల ఊరెళ్లి చూసి రా."

శిక్షణలో ఉన్న ప్రతివాళ్లూ ఏడాదిలో ఒకసారైనా ఒక రోగి ఇంటికి వెళ్లి రావాలని ఆవిడ పెట్టిన నియమం. మిగతావాళ్లు సిటీ బస్సులో వెళ్లొచ్చే ఇల్లు చూసుకున్నారు. నాకు ఎంచుకునే భాగ్యం లేకపోయింది. విసుక్కుంటూనే ఆదివారం రైలెక్కాను.

రాజమండ్రి

సోమవారం పొద్దున్నే రైలు వంతెన మీదికి వచ్చింది. మా జిల్లాలో వంతెనల కింద ఇసుక ఉంటుంది, మేకలు తిరుగుతుంటాయి. ఇక్కడ ఎంతసేపటికీ నీళ్లే. పక్క సీటు పెద్దాయన జేబులోంచి రూపాయి తీసి, కిటికీలోంచి నదిలోకి వేయమని నా చేతిలో పెట్టారు. ఆయన నాకేమీ కారు. వేసే లోపు వంతెన అయిపోయింది. తిరిగి ఇవ్వబోతే, "ఉంచండి, వచ్చేటప్పుడు వేద్దురు గాని" అన్నారు.

స్టేషను బయట చిన్న టిఫిన్ హోటల్లో పెసరట్టు ఉప్మా తిన్నాను, అరవై రూపాయలు. అల్లం చట్నీ అయిపోయిందని నేను గమనించే లోపే ఎదురు బల్ల ఆయన గమనించి, "మేడమ్ గారికి చట్నీ వెయ్యండి బాబూ" అన్నారు. ఏ ఊరండి, ఎవరింటికండి, ఇంతదూరం ఒక్కరే వచ్చేరాండి అని వరసగా అడిగారు. మా వైపు ఇన్ని ప్రశ్నలడిగితే తగాదాకి వచ్చాడనుకుంటాం. చివర్లో రోజ్ మిల్క్ తాగకుండా ఊరు దాటకూడదని పట్టుబట్టారు. పొద్దున్న తొమ్మిదింటికి రోజ్ మిల్క్ ఏమిటని నవ్వాను గాని, తాగాను. బాగుంది.

అనంతపురంలో "భోంచేస్తావా" అని అడిగితే వద్దంటే వద్దనే అర్థం. ఇక్కడ వద్దు అన్న తరవాతే అసలు మాట మొదలవుతుంది. ఆ రోజు సాయంత్రానికి రెండు కాఫీలు, ఒక కొబ్బరిబోండాం, చెరుకురసం, మజ్జిగ నా కడుపులోకి చేరాయి. మనుషుల్ని పొడిగా ఉంచడం నేర్చుకుంటున్నదాన్ని, నన్ను నేను ఉంచుకోలేకపోయాను.

రావులపాలెం

బస్సు ఎక్కేటప్పుడు మెట్టు మీద కాలు పెట్టబోయిన ఒకాయన నన్ను చూసి దిగిపోయారు. "ఎక్కండి, మీరు ఎక్కండి" అన్నారు. మా వైపు బస్సు దగ్గర మోచేతులే మాట్లాడతాయి. ఆయన మంచితనానికి మురిసి ఎక్కి కూర్చున్నానే గాని, అది నా ఫారానికి సంబంధించిన విషయమని నాకు తట్టలేదు.

పక్కన కూర్చున్నావిడ ఒళ్లో తాటి తేగల కట్ట ఉంది. యాభై రూపాయలట. నాకు తేగ తినడం రాదని కనిపెట్టి వలిచి, చీల్చి, మధ్యలో ఉన్న లేత ఆకుని చూపించి, "దీన్ని చందమామంటారండి, ఇది మీరు తినండి" అని నాకే పెట్టారు. పీచు నమలలేక నేను పడ్డ అవస్థ ఆవిడ చూడనట్టే కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

రావులపాలెంలో రోడ్డుకి అటూ ఇటూ అరటిగెలలు. ఒక గెల వెల అడిగాను, కొనేదాన్ని కాదని తెలిసి కూడా అతను నాలుగు రకాల పేర్లూ వెలలూ ఓపిగ్గా చెప్పి, రెండు చక్కెరకేళి పళ్లు చేతిలో పెట్టాడు. ఆ రాత్రికి లాడ్జిలో పడుకున్నాను.

లంక

మంగళవారం పొద్దున్న పడవలో లంకకు దాటాను, పది రూపాయలు. దిగేటప్పుడు పడవ అంచు నుంచి ఒడ్డు దూరం తప్పుగా అంచనా వేసి బురదలో మోకాలిదాకా దిగబడ్డాను. కాలు వచ్చింది, చెప్పు రాలేదు. పడవలో ఉన్న పదిమందిలో ఒక్కరూ నవ్వలేదు. అది నన్ను ఇంకా ఇబ్బంది పెట్టింది.

వస్తున్నానని ముందే ఫోను చేశాను కాబట్టి సత్తిబాబు గారు గొడుగు పట్టుకుని రేవులో నిలబడి ఉన్నారు. బురదలో చెయ్యి పెట్టి నా చెప్పు తీసి, కడిగి ఇచ్చారు. నా సంచి భుజానికి తగిలించుకున్నారు. దారి తెలియని నేను ముందు, దారి తెలిసిన ఆయన వెనక నడిచాం. నేను రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను. రెండుసార్లూ ఆయన నిలబడే ఉన్నారు. పాపం, ఆయాసం అనుకున్నాను.

వాళ్లది రెండు గదుల పెంకుటిల్లు. ఆయన భార్య నాగమణి గారు కాళ్లకు నీళ్లిచ్చి, మంచం మీద దుప్పటి పరిచి కూర్చోబెట్టారు. కాఫీ గ్లాసు నా చేతికిచ్చి, భర్త గొడుగు పెట్టడానికి లోపలికి వెళ్లే దాకా ఆగి, మెల్లగా అడిగారు.

"కాదని చెప్పడానికొచ్చేరాండి?"

"లేదండి. చూడడానికి వచ్చాను. గురువారం తేలుతుంది."

"ఫోన్లో చెప్పడం బాగోదని ఇంతదూరం వచ్చేరేమో అనుకున్నానండి. ఈయన్ని అడిగితే అంతా బాగుందనే అంటారు. ఈయన మాట నమ్మకండి."

భోజనంలో వంకాయ కొత్తిమీర కారం, పప్పు, కొబ్బరి పచ్చడి. నాగమణి గారు వడ్డిస్తూనే ఉన్నారు. సత్తిబాబు గారు తరవాత తింటానన్నారు. తిన్నారా అని గంట తరవాత అడిగితే, "ఆయ్, తిన్నానండి" అన్నారు. వెనకనుంచి నాగమణి గారు తల అడ్డంగా ఊపారు. నెలరోజుల్లో ఆయన మొలతాడు రెండుసార్లు బిగించి కట్టాల్సి వచ్చిందని తరవాత చెప్పారు. తిన్నది అరక్కుండా పోతోందని ఆసుపత్రిలో ఎందుకు చెప్పలేదని అడిగితే ఆయన, "డాక్టర్లందరూ హడావిడిగా ఉన్నారండి, ఇదో పెద్ద విషయమా అని" అన్నారు.

మధ్యాహ్నం చుట్టుపక్కల నలుగురు డాక్టరమ్మను చూడడానికి వచ్చారు. వాళ్లలో ఒకావిడ తెచ్చిన పూతరేకులు ఎలా తినాలో తెలియక చీర మీదంతా పొడి చేసుకున్నాను. ఇంటి వెనక కొబ్బరికాయల రాశి ఉంది. నేలలో నిలువుగా పాతిన ఇనుప గునపం, దానికి పదునైన మొన. ఎలా వలుస్తారో చూపించమన్నాను. ఆయన ఒక కాయ తీసుకుని మొన మీద గుచ్చి, ఒంటి బరువంతా వేసి మూడు విరుపుల్లో పీచు ఊడదీశారు. తరవాత ఇంకోటి తీసుకున్నారు. మాట్లాడుతూనే ఇరవై కాయలు వలిచారు.

"ఒంట్లో బాగున్నప్పుడు రోజుకి వెయ్యి దాకా వలిచేవాణ్ణండి. ఇప్పుడు వందతో సరిపెడుతున్నాను, ఖాళీగా కూర్చోలేక."

ఆయన ఊపిరి గమనిస్తూ కూర్చున్నాను. మాటకీ మాటకీ మధ్య ఎక్కడా తెగలేదు. ఒక కాయ నేనూ ప్రయత్నించాను. మొన మీద గుచ్చడానికే నాకు చెమట పట్టింది. ఈ మనిషి మా మెట్ల మీద నాలుగుసార్లు ఎందుకు ఆగాడు?

సాయంత్రం ఏటిగట్టు మీద నడుద్దాం రమ్మన్నాను. మళ్లీ ఆయన వెనకే. నేను ఆగాను. ఆయన ఆగారు. నేను నాలుగడుగులు వేసి మళ్లీ ఆగాను. ఆయనా ఆగారు. అప్పుడు నేరుగా అడిగాను.

"ఎందుకు ఆగారండి?"

"మీరు ఆగేరు కదండి."

"మరి ఆ రోజు ఆసుపత్రిలో? మెట్ల మీద?"

ఆయన కాస్త మొహమాటపడ్డారు. "మీరు వెనకాల వస్తున్నారు కదండి. డాక్టరు గారికి వీపు చూపించి ముందెక్కిపోతే ఏం బాగుంటుందండి? మీరు వెళ్తారని పక్కకి జరిగి నిలబడ్డాను. మీరేమో కాగితం మీద రాసుకుంటా నిలబడిపోయేరు. మీకేదో పనుందనుకుని మళ్లీ ఎక్కేను. మళ్లీ వెనకాలే వచ్చేరు. మళ్లీ ఆగేను. అలా ఎంతసేపూ మీరు ముందుకి రారేంటా అనుకున్నానండి."

నాకు నవ్వు రాలేదు. నేను రాసుకున్నది ఆయన ఆగినందుకే. ఆయన ఆగింది నాకు దారి ఇవ్వడానికి. చదువుకున్నదాన్ని, సంతకం పెట్టే అధికారం ఉన్నదాన్ని, ఎందుకు ఆగారని ఒక్క మాట అడగలేదు. నేను రాసిన ఆ ఒక్క ముక్క వల్ల నాగమణి గారు ఆ రోజు నుంచీ సరిగ్గా నిద్రపోయి ఉండరు. గట్టు మీద నిలబడి ఆయనకు క్షమాపణ చెప్పాను.

"అయ్యో, అంత మాటెందుకండి" అని ఆయనే కంగారుపడ్డారు.

రేవు మెట్లు

ఆయన చెప్పినది విని సంతోషించడం వేరు, ఫారంలో రాయడం వేరు. ఆ రాత్రి వాళ్లింట్లోనే పడుకున్నాను. బుధవారం పొద్దున్న ఆయనా నేనూ రేవుకి వెళ్లాం. నీటి దగ్గర నుంచి గట్టు పైకి ముప్ఫై ఆరు మెట్లున్నాయి. నన్ను దాటి ముందుకు వెళ్లమంటే ఆయన వెళ్లరు. అందుకని నేనే ముందు పైకి ఎక్కి చివరి మెట్టు మీద కూర్చున్నాను. నాకే ఆయాసం వచ్చింది.

"రండి" అన్నాను.

ఆయన ఎదురుగా నా వైపే ఎక్కుతూ వచ్చారు. ఆగలేదు. నాడి చూసి దిగమన్నాను. మళ్లీ రమ్మన్నాను. మూడుసార్లు ఎక్కించాను. బట్టలు ఉతకడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు పని ఆపి చూస్తూ కూర్చున్నారు. మూడోసారి పైకి వచ్చాక, "ఇంకోసారి ఎక్కమంటారాండి?" అని అడిగారు. ఊపిరి కొంచెం పెరిగింది, మాట తెగలేదు.

అక్కడే కూర్చుని మేడమ్‌కి ఫోను చేశాను. జరిగినదంతా చెప్పాను. చీవాట్లకు సిద్ధపడ్డాను.

"ఊపిరి సరే, ఒంట్లో బలం?" అన్నారు ఆవిడ.

"లేదు మేడమ్. తిండి ఒంటబట్టడం లేదు. మనకి చెప్పలేదు."

"అయితే రెండూ రాయి. పాత కాగితం చించకు, దాని కిందే రాయి, ఎందుకు మారిందో కూడా రాయి."

అలాగే రాశాను. మర్నాడు మీటింగులో ఆపరేషన్‌కి ఒప్పుకున్నారు. తిన్నది అరగడానికి మాత్రలిచ్చి, రెండు వారాలు తిండి పెట్టించి, ఆ తరవాత చేశారు. ఏడున్నర గంటలు ఆయన తల దగ్గర కూర్చున్నది నేనే. పదకొండో రోజున ఇంటికి వెళ్లారు. నాగమణి గారు వెళ్తూ నా చెయ్యి పట్టుకుని కాసేపు నిలబడ్డారు.

తిరుగు రైలు

అదే బుధవారం మధ్యాహ్నం రాజమండ్రిలో తిరుగు రైలెక్కాను. వంతెన మీద రూపాయి వేయడం గుర్తే లేదు. ఒడిలో జామకాయలు, మనసు తేలికగా ఉంది. నిడదవోలులో రైలు చాలాసేపు ఆగింది. టీ తాగుతూ ఎనిమిది నెలల్లో నేను మెట్లెక్కించినవాళ్లను ఒక్కొక్కరినీ తలచుకున్నాను. ఇంకెవరైనా ఇటువైపు వాళ్లున్నారా?

ఒకరున్నారు. రత్నకుమారి టీచర్ గారు. రిటైరయ్యారు, తణుకులో ఉంటారు. కాలేయంలో గడ్డ. నాలుగు నెలల క్రితం వచ్చారు. మూడుసార్లు ఆగారని రాశాను. ఆవిడకు కోత వద్దని మందులతో పంపించేశారు. టీ చల్లారిపోయింది.

ఆసుపత్రికి ఫోను చేసి నంబరు తీసుకున్నాను. రైలు కదిలాక చేశాను. ఆవిడే ఎత్తారు. నేనెవరో చెప్పాను.

"వందనాలమ్మా. బాగున్నారా? గుర్తుపెట్టుకుని చేశారు."

ఒంట్లో ఎలా ఉందని అడిగాను. దేవుడి దయవల్ల నడుస్తోందన్నారు. ఎలా అడగాలో తెలియక నేరుగానే అడిగేశాను.

"టీచర్ గారూ, ఆ రోజు మా మెట్ల మీద మూడుసార్లు ఆగారు. ఎందుకు ఆగారో గుర్తుందా అండి?"

 రైలు చప్పుడులో వినబడిందో లేదోనని మళ్లీ అడగబోయాను.

"ఆయాసం వచ్చిందమ్మా" అన్నారు. "మీరు సరిగ్గానే రాసుంటారు. దాని గురించి మీరేం మనసులో పెట్టుకోకండి."

నా మనసులో ఏదో ఉందని నేను ఆవిడకు చెప్పలేదు. మూడు రోజులు ఆ నేల మీద తిరిగి వచ్చిన తరవాత, ఆ మాట నిజమో, నాకు కష్టం కలగకూడదని అన్నదో ఫోనులో తేల్చుకోవడం నా వల్ల కాలేదు. తణుకులో రైలు ఆగింది. సంచి తీసుకుని దిగేశాను.

తణుకు

చక్కెర ఫ్యాక్టరీ వైపు వెళ్లే చెరుకు ట్రాక్టర్ల వెనక ఆటో నత్తనడక నడిచింది. స్టేషను నుంచి మళ్లీ ఫోను చేసినప్పుడు ఆవిడ చెప్పిన చర్చి పక్క వీధికి చేరేసరికి నాలుగున్నర అయింది. కూతురూ అల్లుడితో పాటు మేడ మీద వాటాలో ఉంటున్నారు. మేడ మీద ఉంటారని నాకు తెలియదు. ఎక్కడ ఉంటారని ఆ రోజు నేను అడగలేదు.

నేను వస్తున్నానని చెప్పినందుకు ఆవిడ కిందికి దిగి గేటు దగ్గర నిలబడి ఉన్నారు. మందులకు జుట్టు పలచబడింది, చీర నీటుగా కట్టుకున్నారు. ఆవిడ నా సంచి అందుకోబోతే నేను ఇవ్వలేదు.

"మీరు పదండమ్మా ముందు" అన్నారు, పక్కకు జరిగి.

ఈసారి నేను ముందు నడిచాను. నా మామూలు వేగంతోనే ఎక్కాను. వెనక్కి తిరగలేదు. ఇరవై రెండు మెట్లు. వెనకే ఆవిడ రబ్బరు చెప్పుల చప్పుడు, ఒకే తీరుగా, నాకు ఒక మెట్టు దూరంలో. ఎక్కడా ఆగలేదు.

తలుపు దగ్గర తిరిగి చూశాను. ఆవిడ నోరు మూసుకునే ఊపిరి తీసుకుంటున్నారు. ఫోనులో చెప్పిన ఆయాసం ఎక్కడా లేదు. నాలుగు నెలల్లో గడ్డ ఎంత పెరిగిందో, కోయడానికి ఇంకా వీలుందో లేదో నాకు తెలియదు.

"కూర్చోండమ్మా, కాఫీ తాగుదురు గాని" అన్నారు.

"ముందు మీ స్కాన్ కాగితాలు తీయండి టీచర్ గారూ" అన్నాను. "అన్నీ. మొదటి రోజు నుంచీ."